పంపులో పాలు తగ్గాయా? ముందు వాల్వు చూడండి

లక్షణం: ఉద్యోగంలో మళ్లీ చేరిన కొత్తలో పంపుతో రొమ్ముపాలు తీస్తే సీసా నిండేది, ఇప్పుడు అడుగు కూడా నిండట్లేదు. ఇంట్లో వెల్లుల్లి కారం, మెంతులు, సొరపుట్టు మొదలైపోతాయి. కాస్త ఆగండి. సాయంత్రం బిడ్డ రొమ్ము పట్టినప్పుడు గుటకలు వినిపిస్తున్నాయా, బరువు పెరుగుతోందా? అయితే పాలు పడుతున్నట్టే. తప్పు పంపుది.

కారణం: రొమ్ముకు ఆనించే గరాటు కింద, సీసా మూతి దగ్గర బాతుముక్కులా ఉండే మెత్తటి సిలికాన్ వాల్వు. చూశారా అంటే, "మోటారు బాగానే తిరుగుతోందండీ" అంటారు. తిరుగుతుంది, అందుకే ఇది దొరకదు. వాల్వు చీలిక వదులైతే గాలి చొరబడి లాగుడు తగ్గుతుంది, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. అదీ వారాల తరబడి కొద్దికొద్దిగా. రొమ్ము సరిగా ఖాళీ కాకపోతే ఒంట్లో పాలు ఊరడమే తగ్గుతుంది. ఈలోగా ఇంట్లో డబ్బా పాలు పట్టేస్తారు, పంపు లోపం కాస్తా నిజం కొరతగా మారుతుంది. ఇంత చిన్న ముక్క కోసం కొత్త పంపు కొన్నవాళ్లున్నారు, పాలే మాన్పించేసినవాళ్లూ ఉన్నారు.

పరిష్కారం: వాల్వు తీసి వెలుతురుకు పెట్టి చూడండి. చీలిక మూసుకుని ఉండాలి. సన్నగా వెలుగు కనిపించినా, కొసన చిరిగినా పారేయండి. కడిగేటప్పుడు లోపలికి బ్రష్ దూర్చితే త్వరగా పాడవుతుంది, సబ్బునీళ్లలో వేళ్లతో ఆడిస్తే చాలు. రోజూ రెండు మూడుసార్లు పాలు తీసేవాళ్లు రెండు నెలలకోసారి మార్చేయండి, చూడ్డానికి బాగున్నా సరే. మీ మోడల్‌కి సరిపోయేదే కొని, ఇంకొకటి హ్యాండ్‌బ్యాగులో పడేసుకోండి. మార్చాక కొన్నాళ్లు రోజుకోసారి అదనంగా తీస్తే పాలు పుంజుకుంటాయి.

కొత్త వాల్వు వేసినా తక్కువే వస్తే గరాటు సైజు చూడండి. పెట్టెలో సాధారణంగా 24 మి.మీ.ది వస్తుంది, చాలామందికి అది పెద్దది. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి లాక్కుపోతుంటే చిన్నది తెప్పించుకోండి.

మీటింగుల వల్ల పాలు తీసే పూటలు తప్పుతున్నాయా? బిడ్డకు 15 నెలలు నిండేదాకా, మామూలు విరామం కాక రోజుకు రెండు విరామాలు చట్టమే ఇచ్చింది. మొహమాటపడకుండా అడగండి.

దాచిన పాలు సబ్బు వాసనొచ్చి బిడ్డ తాగట్లేదంటే, అది పాలలోనే ఉండి కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము పని, పాలు చెడిపోలేదు. ఇకమీదట ఫ్రీజర్‌లో పెట్టేముందే అంచున చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, వెంటనే చల్లార్చండి. సీసా పట్టకపోతే ఉగ్గుగిన్నె ఉంది కదా.

థైరాయిడ్, గర్భనిరోధక మాత్రలు, మళ్లీ నెల తప్పడం: వీటివల్లా పాలు తగ్గొచ్చు, డాక్టరును ఓసారి అడిగితే తేలిపోతుంది. రొమ్ము ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే చూపించుకోండి, పాలివ్వడం ఆపకండి.