నడక పాఠాలు - 4: సద్దిమూట

మంచుకొండల నడకకు సిద్ధం కావడానికి పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్క్ గుర్తుందిగా? ఎనిమిది కిలోల సంచితో అలిపిరి నుంచి 3,550 మెట్లు. కింద లగేజీ కౌంటర్లో సంచి ఇచ్చేసి ఉత్త చేతులతో ఎక్కినవాళ్ల లెక్క చెల్లదు. బట్టల మీద ఇంకా అనుమానం ఉంటే మళ్లీ చెప్తున్నాను: జీన్స్ వద్దు, కాటన్ బనీను వద్దు. చెమటకు తడిసిన నూలుబట్ట మన ఎండలో హాయిగానే ఉంటుంది, మంచులో మాత్రం ఆరక వణికిస్తుంది. ఇక తిండి.

ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ ఊరి నుంచి కేదార్‌కాంఠ శిఖరానికి (ఎత్తు 3,810 మీటర్లు) వెళ్తున్నారనుకుందాం. వంటవాళ్లు ఉండరు, మూడు రోజులు మనమే వండుకోవాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు చేసే పొరపాటు నీళ్లు మోయడం. బాటిల్లో నీళ్ల సంగతి కాదు నేనంటున్నది. పులిహోర పొట్లం కట్టుకెళ్తే అందులో సగానికి పైగా నీళ్లే. ఏ వస్తువైనా సంచిలోకి వెళ్లే ముందు ఒకటే లెక్క చూడండి, గ్రాముకి ఎన్ని కేలరీలని. నెయ్యి, నూనె తొమ్మిది. వేరుశనగపప్పు ఐదున్నర పైనే. అటుకులు, బెల్లం నాలుగుకు కాస్త అటూ ఇటూ. యాపిల్ పండు అరకి కొంచెం ఎక్కువ, అంతే. రోజు మొత్తానికి సగటు నాలుగు దాటితే మూట బాగా కుదిరినట్టు.

రెండో చిక్కు ఎత్తుతో. 3,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. పైకి తెర్లుతున్నట్టే కనిపిస్తాయి గానీ వేడి చాలదు. కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఈలోగా గ్యాస్ అయిపోతుంది. అందుకే ఇంట్లోనో మిల్లులోనో ఒకసారి వేడి చూసి వచ్చినవే తీసుకెళ్లాలి. అటుకులు అలాంటివే. వేయించిన సేమ్యా, సత్తుపిండి కూడా.

నా ఒకరోజు మూట ఇది. పొద్దున అటుకుల ఉప్మా మిక్స్ 120 గ్రాములు. దారిలో తినడానికి పల్లీపట్టీ 120, మలీద ముద్దలు 100, ఖర్జూరాలు 50. రాత్రికి సేమ్యా 120, అందులోకి 30 గ్రాముల నెయ్యి. టీకి పాలపొడి, చక్కెర కలిపి 90. మొత్తం 630 గ్రాములు, దాదాపు 2,800 కేలరీలు. మలీద తెలియనివాళ్లకు: సజ్జ రొట్టెనో గోధుమ రొట్టెనో వేడిమీద నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. తెలంగాణలో బతుకమ్మ సద్దుల్లో ఉండేదే. అమెరికా నుంచి వచ్చే ఎనర్జీ బార్లు నేనూ కొని చూశాను. చలికి రాయిలా బిగుసుకుపోయి పళ్లు కదిలిపోతాయి. మలీద గట్టిపడినా కొరుకుడు పడుతుంది.

ఉప్మా మిక్స్ ఇంట్లోనే చేసుకోవచ్చు. మందపాటివి కాకుండా పలచటి అటుకులు తీసుకుని, చిటికెలో విరిగేదాకా సన్నసెగ మీద వేయించండి. విడిగా రెండు చెంచాల నూనెలో పల్లీలు, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, ఆకు గలగలలాడేదాకా ఉంచండి. పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేయకండి, తడి ఉంటే మెత్తబడి వాసన వస్తుంది. పసుపు, ఉప్పు, చిటికెడు నిమ్మఉప్పు కలిపి, పూర్తిగా చల్లారాక కవర్లో కట్టండి. కొండ మీదికి వెళ్లాక గ్లాసు మిక్స్‌కి ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు పోసి మూతపెట్టి, వేడి పోకుండా గిన్నెను టోపీలో కూర్చోబెట్టండి. ఎనిమిది నిమిషాలు చాలు.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, నాలుకకు కారం తగలకపోతే ముద్ద దిగదు. నేను మొదటిసారి ఆవకాయ డబ్బా పట్టుకెళ్లాను. మూత వదులై నూనెంతా స్లీపింగ్ బ్యాగులోకి కారింది. రెండుసార్లు ఉతికించినా అందులో దూరితే ఇప్పటికీ వేసవి సెలవులే గుర్తొస్తాయి. ఇప్పుడు వేయించిన ఊరుమిరపకాయలు తీసుకెళ్తున్నాను. ఓ గుప్పెడు ఉన్నా బరువే తెలియదు.

వంట స్టవ్‌కి బిగించే గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కనివ్వరు, చెకిన్ సంచిలో కూడా. డెహ్రాడూన్‌లో దిగాకే కొనాలి. కొనేటప్పుడు ఉత్త బ్యూటేన్ డబ్బా తీసుకోవద్దు. సున్నా డిగ్రీల దగ్గరకొస్తే అది ఆవిరి కాదు, స్టవ్ చల్లగా మీ మొహం చూస్తుంది. ప్రొపేన్ కలిసినదైతే నయం. దాన్ని కూడా రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుంటే పొద్దున్నే టీ దొరుకుతుంది.

ఈ వారం హోంవర్క్: ఒకరోజు మూట తూకం వేసి కట్టుకోండి. ఆదివారమంతా అదే తినండి, వంటింట్లోకి పోకూడదు. సాయంత్రానికి ఏది మిగిలిందో, దేనికోసం ప్రాణం లాగిందో రాసిపెట్టుకోండి. మిగిలినదాన్ని మూటలోంచి తీసేయండి. వచ్చే పాఠంలో నీళ్లు.