జేమ్స్‌టౌన్ పాఠానికి ఒక కాగితం, పదిహేను వలయాలు

అమెరికాలో చదివే మన పిల్లలకు జేమ్స్‌టౌన్ పాఠం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 1607లో ఇంగ్లీషువాళ్లు వర్జీనియాలో కట్టుకున్న ఊరది. 1609-10 చలికాలంలో ఆకలికి చాలామంది పోయారు. ఎందుకని అడిగితే పిల్లలు ఠక్కున "బద్ధకస్తులు, పొలం పని చేయలేదు" అంటారు. అక్కడితో వదిలేయకండి.

కాగితం మీద చెట్టు మొదలులా పదిహేను వలయాలు గీయండి. బయటి నుంచి మూడు వెడల్పుగా, తర్వాత ఏడు బాగా ఇరుగ్గా, మిగతావి మళ్లీ వెడల్పుగా. ఏడాదికో వలయం, వాన తక్కువైన ఏడాది అది ఇరుగ్గా ఉంటుంది, అన్నిటికన్నా బయటిది 1615 అని చెప్పి, వాన తక్కువైన ఏళ్లేవో లోపలికి లెక్కపెట్టుకుంటూ వాళ్లనే పట్టుకోమనండి. 1606 నుంచి 1612 అని తేలుతుంది. (దుంగ ముక్క దొరికితే ముందు అది చేతికివ్వండి, సరదా పడతారు.)

ఇప్పుడు అసలు సంగతి చెప్పండి. అక్కడి బాల్డ్ సైప్రస్ చెట్ల వలయాలు చూసి 1998లో శాస్త్రవేత్తలు తేల్చినవీ ఆ ఏడేళ్లే. 770 ఏళ్లలో అంత ఎండిన ఏడేళ్లు లేవట! వానల్లేకపోతే జేమ్స్ నదిలోకి సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది, తాగే నీళ్లూ పాడవుతాయి. అక్కడి స్థానికులైన పొవాటన్ తెగలవాళ్ల మొక్కజొన్న పంట మాత్రం ఏం పండుతుంది? కొత్తవాళ్లకు అమ్మడానికి వాళ్ల దగ్గర ఏం మిగులుతుంది? ఈ ప్రశ్న మీరు అడగకుండా కాసేపు ఆగి చూడండి, ఎవరో ఒకరు అడుగుతారు.

కాకపోతే "ఓహో, అంతా కరువే" అని అటు దూకేస్తారు. ఆ చలికాలంలో పొవాటన్లు జేమ్స్‌టౌన్ కోటను ముట్టడించారని కూడా అప్పుడే గుర్తుచేయండి.