బల్ల కింద కనిపించని సొరుగులు – మూడో భాగం: పెట్టె, చానల్, చీల

పోయిన పాఠంతో కాళ్లు, పై పలక అయిపోయాయి. చెప్పినట్టే చేసుకుంటూ వచ్చినవాళ్ల ఇంట్లో ఈపాటికి 1500 మి.మీ. పొడవు, 600 మి.మీ. వెడల్పు, నేల నుంచి 860 మి.మీ. ఎత్తున్న బల్ల నిలబడి ఉండాలి. పై పలక రెండు 18 మి.మీ. ప్లైవుడ్‌లు అతికించింది, అంటే 36 మి.మీ. మందం. ముందు కాళ్ల మధ్య ఖాళీ 1200 మి.మీ. మీ కొలతలు వేరైతే కంగారు పడకండి, ఈరోజు ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతూ వెళ్తాను, మీ లెక్క మీరు వేసుకోవచ్చు.

ఈ బల్ల కింద ఇప్పుడు రెండు సొరుగులు పెడతాం. చూసేవాళ్లకి అవి సొరుగుల్లా కనపడవు, బల్ల ముందు భాగంలో కాళ్ల మధ్య బిగించిన ఒక పట్టీలా ఉంటాయి, అంతే. దాచడం ఎందుకని అడిగితే, మన ఇళ్లలో వర్క్‌షాప్ అంటే ప్రత్యేకంగా గది ఉండదు కదా. కారు పార్కింగ్‌లో ఓ మూలో, మెట్ల కిందో, వీధి వరండాలోనో పని చేసుకుంటాం. పాలవాడు, కేబుల్ అబ్బాయి, పక్కింటి పిల్లలు అందరూ అటే తిరుగుతారు. పదునైన ఉలులు పిల్లల చేతికి అందకూడదు, ఖరీదైన డ్రిల్లింగ్ మెషిన్ ఎవరి కంటా పడకూడదు.

రెండో కారణం నాకు ఇంకా పెద్దది. మాది విజయవాడలో సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. బియ్యం, గ్యాస్ సిలిండర్, సర్టిఫికెట్లు, అమ్మ మందులు ఒక్కొక్కటే పైఅంతస్తుకి చేరవేసి, పనిముట్లు గుర్తొచ్చి కిందకి దిగేసరికి నీళ్లు నడుము దాకా ఉన్నాయి. అప్పటి నా బల్ల కింద నేలకి నాలుగు అంగుళాల ఎత్తున అలమర ఉండేది, నేనే స్క్రూలతో కాళ్లకి బిగించాను. నీళ్లలో చెయ్యి పెట్టి లాగాను కానీ తలుపు రాలేదు, అలమర మొత్తం ఊడదీద్దామంటే స్క్రూడ్రైవర్ దాని లోపలే ఉంది. నీళ్లు తీసి, బురద కడిగి అది తెరిచేసరికి ప్లైవుడ్ పొరలు పొరలుగా విడిపోయి ఉంది, మామయ్య నాకిచ్చిన ఆరు ఉలులు ఎర్రటి తుప్పు ముద్దలయ్యాయి. నాలుగింటిని సానబెట్టి బతికించుకున్నాను, రెండు పోయాయి.

అందుకే ఈ పాఠంలో సొరుగు అనేది బల్లకి అంటిపెట్టుకుని ఉండే వస్తువు కాదు. పనిముట్లతో సహా చేతులతో ఊడదీసి మెట్లెక్కించగలిగే పెట్టె. కొలతలు, చానల్, తాళం అన్నీ దీన్ని దృష్టిలో పెట్టుకునే ఎంచుకున్నాను.

ముందు సరుకు. షాపులో మామూలుగా అడిగితే ఎమ్మార్ రకం ప్లైవుడ్ ఇస్తారు, గాలిలో తేమకి ఆగుతుంది గానీ నీళ్లలో నానితే జిగురు వదిలేస్తుంది. మీరు బీడబ్ల్యూపీ (మరిగే నీళ్లకి కూడా ఆగే రకం) అని అడగండి, షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం ముక్కని 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టి పరీక్షిస్తారు. నమ్మకం కుదరకపోతే చిన్న తునక అడిగి తెచ్చుకుని ఇంట్లోనే ఒక పూట మరిగించి చూడండి. పొర లేచిందంటే ఆ షీటు వద్దు. జిగురు కూడా నీటికి తట్టుకునే మెరైన్ రకమే వాడాలి, ప్లై మంచిదై జిగురు మామూలుదైతే కీళ్ల దగ్గర విడిపోతుంది.

చానల్స్ అంటే సొరుగు ముందుకీ వెనక్కీ జారే ఇనుప పట్టాలు. మనకి కావాల్సింది బాల్ బేరింగ్ ఉన్న టెలిస్కోపిక్ చానల్స్, 20 అంగుళాలవి, అంటే షాపు లెక్కలో 500 మి.మీ., రెండు జతలు. వన్‌టౌన్‌లో ఏ హార్డ్‌వేర్ షాపులో అయినా ఉంటాయి. 45 మి.మీ. వెడల్పువి తీసుకోండి, సాధారణంగా జతకి 35 నుంచి 45 కిలోలు మోస్తాయి, డబ్బా మీద రాసి ఉంటుంది చూసుకోండి. కొనేటప్పుడే పూర్తిగా లాగి, లోపలి పట్టాకి నల్లటి ప్లాస్టిక్ మీట ఉందో లేదో చూడండి. ఆ మీట నొక్కితేనే సొరుగు ఊడి చేతిలోకి వస్తుంది. మీట లేని చానల్ ఎంత చవకైనా మనకి పనికిరాదు.

షాపువాళ్లు 'నొక్కితే తెరుచుకునే రకం ఉంది సార్, పిడి కూడా అక్కర్లేదు' అని ఇంకో చానల్ చూపిస్తారు. దాచే సొరుగుకి అదే సరైనదని మనకీ అనిపిస్తుంది. వంటింట్లో అయితే అది బాగుంటుంది. పని బల్లకి మాత్రం వద్దు. మనం బల్లకి పొట్ట ఆనించి రంపం కోస్తాం, ఆ ఒత్తిడికే సొరుగు బయటికి వచ్చేస్తుంది. అయస్కాంతం క్యాచ్ కూడా వద్దు, ఇనుప రజను దానికి అంటుకుని పేరుకుపోయి కొన్నాళ్లకి సరిగ్గా మూసుకోదు.

ఇక లెక్క. కాళ్ల లోపలి వైపు ఒక్కో 18 మి.మీ. ప్లై పలక, సరిగ్గా మధ్యలో ఇంకొకటి, మొత్తం మూడు పలకలు నిలువుగా వస్తాయి. ఒక్కోటి 110 మి.మీ. ఎత్తు, 542 మి.మీ. పొడవు. వాటిని కాళ్ల ముందు అంచు నుంచి 18 మి.మీ. లోపలికి జరిపి పెట్టాలి, ఆ 18 మి.మీ. చోటులోనే తర్వాత ముందు పలక కూర్చుంటుంది. పక్క పలకలు కాళ్లకి స్క్రూలతో పోతాయి. మధ్యదానికి పై అంచున రెండు వైపులా 25 మి.మీ. ఎత్తు, 12 మి.మీ. మందం ఉన్న రీపర్ (సన్నటి చెక్క పట్టీ) అతికించి (ఇంతకన్నా మందమైతే సొరుగు పెట్టె దానికి తగులుతుంది), రీపర్‌లోంచి పైకి బల్లకి 50 మి.మీ. స్క్రూలు ఎక్కించండి. 25 రీపర్‌లో, 25 బల్లలో పోతుంది, 36 మందం కాబట్టి మొన బల్ల పైకి పొడుచుకు రాదు.

1200 లోంచి మూడు పలకల మందం 54 తీసేస్తే 1146, దాన్ని రెండు చేస్తే ఒక్కో ఖానా 573 మి.మీ. చానల్ మందం ఒక్కో వైపు 12.7, రెండు వైపులా కలిపి 25.4, మనం 26 అనుకుందాం. 573 లోంచి 26 పోగా 547. మీ సొరుగు పెట్టె బయటి వెడల్పు ఇదే. ఈ ఒక్క అంకెని మాత్రం నా దగ్గర్నుంచి తీసుకోకండి. పలకలు బిగించాక ఖానాని ముందు, మధ్యలో, వెనక మూడు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాంట్లోంచి 26 తీసేయండి. పెట్టె ఒక మి.మీ. ఎక్కువైతే చానల్ పట్టేసి నరకం చూపిస్తుంది. ఒక మి.మీ. తక్కువైతే బాధ లేదు, చానల్ వెనక సన్‌మైకా తునక పెడితే సరిపోతుంది.

పెట్టె 12 మి.మీ. ప్లైతో. పక్కలు 500 పొడవు, ముందు వెనకలు 523 (547 లోంచి రెండు పక్కల మందం 24 తీసేయగా), అన్నీ 100 ఎత్తు. అంటే షాపులోనే ఎనిమిది అడుగుల షీటు నుంచి 100 మి.మీ. వెడల్పు పట్టీలు రెండు కోయించుకుంటే చాలు. ఒకదాంట్లో నాలుగు పక్కలు, రెండోదాంట్లో నాలుగు ముందు వెనకలు వచ్చేస్తాయి. అడుగుకి 9 మి.మీ. ప్లై, 547 × 500. గాడి తీసే మెషిన్ మనకి లేదు కాబట్టి అడుగుని కింద నుంచి జిగురు, స్క్రూలతో బిగించేయండి. జిగురు ఆరకముందే రెండు కర్ణాలూ కొలవండి, సమానంగా లేకపోతే పొడవున్న కర్ణం వైపు మూలలు పట్టుకుని నొక్కితే సర్దుకుంటుంది. ఆరాక చేసేది ఏమీ ఉండదు.

చానల్ బిగించేటప్పుడు టేపుతో కొలుచుకుంటూ కూర్చోవద్దు, నాలుగు చోట్ల నాలుగు రకాలుగా వస్తుంది. 33 మి.మీ. వెడల్పు చెక్క ముక్క ఒకటి కోసుకోండి. దాన్ని బల్ల అడుగు భాగానికి ఆనించి పట్టుకుని, దాని కింద చానల్ ఆనించి, ముందు అంచు పలక అంచు కన్నా 2 మి.మీ. లోపలికి పెట్టి స్క్రూ వేయండి. అన్నిటికీ అదే ముక్క వాడితే అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. పెట్టె పక్కల మీద మాత్రం పై అంచు నుంచి 50 మి.మీ. దగ్గర గీత గీసి లోపలి పట్టాని ఆ గీత మీద పెట్టండి. ఇలా చేస్తే పెట్టెకీ బల్లకీ మధ్య దాదాపు 6 మి.మీ. సందు మిగులుతుంది. మొదట కోడిగుడ్డు ఆకారంలో ఉండే పొడవాటి రంధ్రాల్లోనే స్క్రూలు వేయండి. సొరుగు రెండుమూడుసార్లు ఆడించి చూసుకుని, పైకీ కిందకీ సర్దుకున్నాకే గుండ్రటి రంధ్రాల్లో వేయాలి.

దాచడం అనేది ముందు పలకలో ఉంది. 1196 పొడవు, 130 వెడల్పు, 18 మందం ఉన్న ఒకే పలక తీసుకోండి, వీలైతే బల్ల కాళ్లకి వాడిన చెక్కే. దాన్ని కోయకముందే రంపంతో నిలువుగా సన్నటి గాట్లు పెట్టండి, రెండు మి.మీ. లోతు చాలు, సుమారు 199 మి.మీ.కి ఒకటి, మొత్తం ఐదు. మూడో గాటు సరిగ్గా మధ్యలో వస్తుంది, దాన్ని మాత్రం కిందదాకా కోసేయండి. పలక రెండవుతుంది, ఒక్కో ముక్క ఒక్కో పెట్టె ముందు గోడకి బిగిస్తాం, రంపం తిన్న మందమే రెండు సొరుగుల మధ్య సందు. ఆ సందు మిగతా నాలుగు గాట్లలో కలిసిపోతుంది, చెక్క చార కూడా ఒకటే కాబట్టి అతుకు ఎక్కడుందో తెలిసినవాడు కూడా వెతుక్కోవాల్సిందే. మా మేస్త్రి గారు ఇంటికొచ్చినప్పుడు బల్ల చుట్టూ తిరిగి చూసి, 'పట్టీ బాగుందండీ, సొరుగులు ఎప్పుడు పెడతారు' అన్నారు. ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

పిడి అక్కర్లేదు. ముందు పలక బల్లకి 2 మి.మీ. కింద మొదలై, పెట్టె అడుగు కన్నా 17 మి.మీ. కిందకి దిగుతుంది. ఆ అంచు వెనక వేళ్లు పెట్టి లాగడమే. అంచు లోపలి వైపు ఉప్పుకాగితంతో బాగా రుద్దండి, రోజూ వేళ్లు తగిలే చోటు.

తాళానికి చీల, అంటే బల్ల పైనుంచి సొరుగులోకి దిగి దాన్ని కదలనివ్వని గుండ్రటి కర్ర ముక్క. సొరుగు బయటి మూలలో, ముందు గోడకీ పక్క గోడకీ ఆనించి, లోపల 40 × 40 మి.మీ. చెక్క దిమ్మె ఒకటి జిగురుతో నిలబెట్టండి, ఎత్తు 100. బల్ల పైన పక్క అంచు నుంచి 213, ముందు అంచు నుంచి 70 మి.మీ. దగ్గర గుర్తు పెట్టండి, మన కొలతల ప్రకారం అది దిమ్మె నడినెత్తి మీదకి వస్తుంది. సొరుగు మూసి ఉంచి, మూలమట్టం పక్కన నిలబెట్టుకుని, 16 మి.మీ. బిట్‌తో నిలువుగా తొలిచి, బిట్ మొన దిమ్మెకి తగలగానే ఆపేయండి. సొరుగు ఊడదీసి ఆ గుర్తు మీద 17 మి.మీ. బిట్‌తో 30 మి.మీ. లోతు తొలవండి. ఆ ఒక్క మి.మీ. వదులు లేకపోతే వర్షాకాలంలో చెక్క ఉబ్బి చీల దిగదు.

చీల పొడవు 85. బల్లలో 36, సందులో 6, దిమ్మెలో 28, పైన 15 మిగులుతుంది. పైకి కనిపించే ఆ 15 మి.మీ. ముక్క అందరికీ చిత్రిక పట్టేటప్పుడు పలక జారకుండా ఆనించుకునే చీలలాగే ఉంటుంది, నిజంగా ఆ పనికీ వాడుకోవచ్చు. నేను మొదట ఆటోనగర్‌లో లేత్ మీద ఇనుప చీల చేయించాను, గట్టిగా ఉంటుందని. మూడో రోజున సన్నటి పలక చిత్రిక పడుతుంటే కత్తి దానికి తగిలి అంచు ఎగిరిపోయింది. ఇప్పుడు తుమ్మ చేవతో చేసుకున్నాను. పాత పనిముట్ల పిడి విరిగింది ఇంట్లో ఉంటే దాంట్లోంచే చెక్కుకోవచ్చు.

పనిముట్లు ఇప్పుడే పెట్టకండి. లోపలి అరలు, ఉలులకి గూళ్లు, తుప్పు పట్టకుండా నూనె గుడ్డ ఎలా ఉంచాలి, ఇవన్నీ వచ్చే భాగంలో. ఈలోపు ఒక్కో సొరుగులో ఆరేసి ఇటుకలు పెట్టి వారం రోజులు వదిలేయండి, రోజూ నాలుగుసార్లు లాగి మూయండి. ఎక్కడైనా రాసుకుంటే, కిందకి వాలితే ఇప్పుడే తెలుస్తుంది.

వారం చివర ఒక పని చేయండి. ఇటుకలు మూడు తీసేసి మూడు ఉంచి, చీల పైకి లాగి, సొరుగు పూర్తిగా బయటికి తీసి, ఒక వైపు మీట పైకి, రెండో వైపు మీట కిందకి ఒకేసారి నొక్కి ఊడదీయండి. దాన్ని మోసుకుంటూ డాబా మీదకి ఎక్కి రండి. రెండోది కూడా అంతే. గడియారం చూసుకోండి. నాకు రెండు సొరుగులకీ కలిపి నాలుగు నిమిషాలు పట్టింది, ఆ తర్వాత లైట్లు ఆర్పేసి టార్చి వెలుగులో కూడా చేసి చూశాను, ఆరు నిమిషాలు. ఇంట్లో మీరు లేనప్పుడు కూడా వాన పడొచ్చు కాబట్టి మీ ఆవిడకో, పెద్ద పిల్లలకో, ఎవరికో ఒకరికి ఆ మీటలు ఎలా నొక్కాలో చూపించి, వాళ్ల చేత కూడా ఒకసారి ఊడదీయించండి.