ఇంట్లోవాళ్లకి బ్యుప్రినార్ఫిన్ రాశారా? ముందు ఇవి తెలుసుకోండి

"మత్తు మాన్పించమని తీసుకెళ్తే డాక్టరే ఇంకో మత్తుమాత్ర రాశాడేంటిరా" అని మా పిన్ని ఫోన్లో ఏడ్చేసింది. హెరాయిన్‌కో ట్రమడాల్ లాంటి నొప్పిమాత్రకో అలవాటుపడ్డ మనిషి ఉన్న ఇంట్లో ముందు వచ్చే అనుమానం ఇదే. బ్యుప్రినార్ఫిన్ కూడా ఓపియాయిడే, అంటే హెరాయిన్ లాగే నల్లమందు తరహా మందే, నిజమే. కానీ దాని ప్రభావం ఒక హద్దు దాకా వెళ్లి ఆగిపోతుంది, డోసు పెంచినా కిక్కు అదే పనిగా పెరగదు, ఒళ్లునొప్పులు, వాంతులు తగ్గి మనిషి పనికి వెళ్లగలుగుతాడు.

మొదటి డోసు దగ్గర జాగ్రత్త. విత్‌డ్రాయల్, అంటే మత్తు అందక ఒళ్లు పడే బాధ, మొదలయ్యాకే వేయాలి, హెరాయిన్ అయితే మామూలుగా కనీసం 12 గంటలు ఆగమంటారు, తొందరపడితే బాధ ఒక్కసారిగా ముంచుకొస్తుంది. చివరిసారి ఎప్పుడు తీసుకున్నాడో డాక్టరుకి నిజం చెప్పాలి కదా, మీరు పక్కనే కళ్లెర్రజేసి కూర్చుంటే చెప్పడు. లేచి బయటికి వెళ్లండి. మాత్ర నాలుక కింద కరగాలి, మింగితే సరిగ్గా పనిచేయదు. పిన్ని కొడుకు, మా తమ్ముడు, ఊరే ఉమ్మి మింగకుండా, గోడ గడియారం చూస్తూ పది నిమిషాలు బిగబట్టుకుని కూర్చునేవాడు.

డాక్టర్ని అడగడానికి మొహమాటపడకండి: ఎన్నాళ్లు వాడాలి, మానేటప్పుడు ఎలా తగ్గిస్తారు, వేరే దారులేమున్నాయి? ఇవి చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే అది ఒప్పుకోలు కాదు. అన్నంలో కలిపి పెట్టడం లాంటివి అసలు వద్దు, మందు వేసుకునేది అతను, ఒప్పుకోవాల్సిందీ అతనే. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది, పెళ్లి సంబంధం వాళ్లు అడిగినా డాక్టర్ చెప్పకూడదు. మద్యం, నిద్రమాత్రలు మాత్రం దీంతో కలవకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి.

ఇంట్లో పిల్లలుంటే మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేయాల్సిందే. కానీ ఆ తాళంచెవితో బెదిరించకండి. "డబ్బులు తీశావు, ఇవాళ మాత్ర లేదు" అని మా పిన్ని ఒకసారి అంది, నేను గట్టిగానే వద్దన్నాను. మందు ఆపేస్తే మళ్లీ పాత చోటికే పోతాడు, తట్టుకునే శక్తి తగ్గిన ఒంటికి మునుపటి మోతాదే ప్రాణం తీయొచ్చు. ఆ రాత్రే పిన్ని వాడిని లేపి మాత్ర చేతిలో పెట్టింది, డబ్బుల సంగతి మర్నాడు మాట్లాడుకున్నారు.