చేపల మేత తయారీ – ఆరో పాఠం: విటమిన్ల లెక్క

గత పాఠంలో మేతలో నూనె పాళ్లు ఎంత ఉండాలో లెక్క కట్టుకున్నాం. ఇప్పుడు కిలో మేతలో మిల్లీగ్రాముల చొప్పున పడే పదార్థాల దగ్గరికి వచ్చాం. ఈ పాఠాలు అనుసరిస్తున్నవారిలో కొందరు యలహంక, హోసకోటె వైపు టార్పాలిన్ తొట్లలోనూ, మరికొందరు చిక్కబళ్లాపురం, కోలారు పొలాల్లోని కృషి హొండల్లోనూ (పొలంలో తవ్విన నీటి కుంటల్లోనూ) చేపలు పెంచుతున్నారు. చేప ఒకటే అయినా ఈ రెండు చోట్లా విటమిన్ల లెక్క వేరు. పచ్చగా ఉన్న హొండ నీటిలో వృక్షప్లవకాలు, జంతుప్లవకాలు, అడుగున పురుగులు ఉంటాయి కాబట్టి, పలుచగా వదిలిన శీలావతికి, బొచ్చెకు విటమిన్లలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది. రోజూ నీరు మార్చే తొట్టిలోనో, వలపంజరంలోనో కిక్కిరిసి ఉన్న చేపకు మాత్రం మీరు వేసే గుళికలో ఉన్నదే దిక్కు. అందువల్ల హొండ రైతు తవుడు, వేరుశెనగ చెక్కలతో నెట్టుకురాగలిగినంత మాత్రాన తొట్టి రైతు కూడా అలా చేయగలడని అనుకోకూడదు.

ఏ చేపకు ఏ విటమిన్ ఎంత కావాలో చెప్పే పట్టికల్లోని అంకెలు ఎలా పుట్టాయో తెలిస్తే వాటిని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. 1957లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ హాల్వర్ చినూక్ సాల్మన్ పిల్లలకు కేసిన్, జెలటిన్ వంటి శుద్ధ పదార్థాలతో మేత తయారు చేసి, ఒక్కొక్క విటమిన్‌ను తీసివేస్తూ ఏ లోపం బయటపడుతుందో గమనించారు. తర్వాత వచ్చిన ప్రయోగాలు చాలావరకు ఆ దారినే నడిచాయి. అంటే పుస్తకంలోని అంకె, ప్రయోగశాల తొట్టిలో, తాజా మేతతో, చిన్న చేపపిల్లలు లోపం లేకుండా పెరగడానికి సరిపోయిన కనీస మోతాదు. గుళికల యంత్రం వేడి, వానాకాలం గోదాములోని తేమ, నీటిలో కరిగిపోయే భాగం, ఎండలో ఎగుమతికి వేచి ఉన్న చేప పడే ఒత్తిడి, ఇవేవీ అందులో లేవు.

బంగారుతీగకు సాధారణంగా చెప్పే అంకెలు కిలో మేతకు ఇలా ఉంటాయి: విటమిన్ సి 45 మిల్లీగ్రాములు, ఇ 100, పాంటోథెనిక్ ఆమ్లం 30, నియాసిన్ 28, రైబోఫ్లేవిన్ 7, పిరిడాక్సిన్ 6, థయమిన్ 0.5. రైబోఫ్లేవిన్ తగ్గితే చాలా జాతుల్లో కంటిలో పొర వస్తుంది. పాంటోథెనిక్ ఆమ్లం తగ్గితే మొప్పల రేకులు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. నీటిలో ఆక్సిజన్ బాగానే ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఈ సంగతి కూడా గుర్తుకు రావాలి. పిరిడాక్సిన్ మాంసకృత్తుల వినియోగానికి అవసరం కాబట్టి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న మేత తినే చేపకు ఆ లోపం త్వరగా కనిపిస్తుంది. బి12 విషయంలో బంగారుతీగ, తిలాపియా పెంచేవారు పెద్దగా కంగారుపడనక్కరలేదు. కోబాల్టు అందితే వాటి పేగుల్లోని బాక్టీరియాయే దాన్ని తయారు చేసిపెడతాయి.

విటమిన్ సి దగ్గర మాత్రం నిలబడి మాట్లాడుకోవాలి. కోడి, పశువు తమ ఒంట్లోనే దీన్ని తయారు చేసుకుంటాయి. మనం పెంచే చేపలకు దాని తయారీలో చివరి మెట్టు దాటించే ఎంజైము లేదు. అందుకే కోళ్ల మేతకు అమ్మే విటమిన్ మిశ్రమాన్ని, చౌకగా దొరుకుతోంది కదా అని, చేపల మేతలో కలపడం పొరపాటు: అందులో సి విటమిన్ ఉండకపోవచ్చు. లోపం ఉన్న చేపపిల్లల వెన్నెముక పక్కకో పైకో వంగుతుంది, మొప్పల మూత పొట్టిగా మిగులుతుంది, గాయాలు మానవు. అమెరికాలో చానల్ క్యాట్‌ఫిష్‌ను చెరువుల నుంచి పంజరాలకు మార్చి పెంచినప్పుడు ఈ ‘విరిగిన వెన్ను’ వ్యాధి బయటపడింది. చెరువులో సహజాహారం కప్పిపెట్టిన లోపం పంజరంలో దాగలేదు. అయితే వంగిన వెన్ను కనబడగానే సి విటమిన్ డబ్బా తెరవడం తొందరపాటు. పురుగుమందుల అవశేషాలు, ఒకే తల్లిచేపల సంతతిని మళ్లీ మళ్లీ జతకట్టించడం, కొన్ని జాతుల్లో ట్రిప్టోఫాన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) కొరత కూడా అదే రూపం చూపుతాయి. సంతలో కొన్న చేపపిల్లల్లో మొదటి వారంలోనే వంకర కనిపిస్తే, మీ మేత కన్నా ముందు హేచరీని అనుమానించడం న్యాయం.

మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం వేడికి, గాలికి, తేమకు నిలవదు. గుళికలు చేసి, ఆరబెట్టి, నెలరోజులు గోనెలో ఉంచేసరికి అందులో పెద్ద భాగం పోతుంది. ఫాస్ఫేటుతో జతకట్టిన రూపం దీనికి పరిష్కారం. చేప పేగుల్లో ఫాస్ఫేటు విడిపోయి విటమిన్ మిగులుతుంది. బజారులో ఇది 35 శాతం క్రియాశీలతతో దొరుకుతుంది.

ఇక విటమిన్ ఇ. బెంగళూరు వారికి దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే రామనగర, శిడ్లఘట్టల పట్టు దారం తీసే కేంద్రాల నుంచి వచ్చే ప్యూపా (పట్టుగూటి లోపలి పురుగు) ఇక్కడ అందుబాటులో ఉన్న మంచి మాంసకృత్తుల వనరు. ఎండిన ప్యూపాలో మాంసకృత్తులు దాదాపు సగం, నూనె పావు వంతు దాకా ఉంటాయి. ఆ నూనెలో లినోలెనిక్ ఆమ్లం పాలు ఎక్కువ కాబట్టి అది గాలి తగిలితే త్వరగా చెడుతుంది. 1960లలో జపాను శాస్త్రజ్ఞులు దీని ఫలితాన్ని వివరించారు. పాడైన నూనె ఉన్న ప్యూపా తిన్న బంగారుతీగల వీపు కండరం కరిగి, చేప కత్తి అంచులా సన్నబడేది. దాన్ని అక్కడ సెకోకె వ్యాధి అన్నారు. మేతలో విటమిన్ ఇ తగినంత కలిపినప్పుడు వ్యాధి రాలేదు. ఇక్కడ గ్రహించవలసింది ఏమిటంటే, 100 మిల్లీగ్రాములన్నది మంచి నూనె, మితమైన నూనె ఉన్న మేతకు చెప్పిన మాట. నూనె పెరిగినా, ముక్కిపోయినా ఆ విటమిన్ చేపకు చేరేలోపే ఖర్చైపోతుంది. నా సలహా మాత్రం విటమిన్‌ను రెట్టింపు చేయమని కాదు. దారం తీసిన నాడే తడి ప్యూపాను తెచ్చి ఆరబెట్టగలిగితే వాడండి, లేదా నూనె తీసిన పిండి కొనండి. మూడు రోజులు కుప్పలో పడి కంపు కొట్టే సరుకును ఏ విటమినూ బాగుచేయలేదు.

కొర్రమీను పెంచేవారికి థయమిన్ గురించి ఒక హెచ్చరిక. హెర్రింగ్ కుటుంబపు చేపలు చాలావాటిలో, అంటే మంగళూరు నుంచి లారీల్లో వచ్చే భూతాయి (సార్డీన్) వంటి వాటిలో, పచ్చిగా ఉన్నప్పుడు థయమిన్‌ను ముక్కలు చేసే ఎంజైము ఉండే అవకాశం ఉంది. పచ్చి చేప ముద్దలో విటమిన్ పొడి కలిపి రాత్రంతా ఉంచితే, పొద్దుటికి థయమిన్‌లో చాలా భాగం పోయే ప్రమాదం ఉంది. చేపను బాగా ఉడికించి, చల్లారాక, వేసే ముందు మాత్రమే పొడి కలపాలి.

ఇప్పుడు తూకం. వంద కిలోల మేతకు, నష్టాలు కలుపుకొని, కిలోకు 100 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలనుకుందాం. మొత్తం 10,000 మిల్లీగ్రాములు, అంటే 10 గ్రాములు. పొడి 35 శాతానిది కాబట్టి 10ని 0.35తో భాగిస్తే 28.6 గ్రాములు తూచాలి. ఇ విటమిన్ కూడా కిలోకు 100 మిల్లీగ్రాములే అనుకుంటే, 50 శాతం పొడి 20 గ్రాములు పడుతుంది. విటమిన్లతో పాటే లెక్కించే మరో పోషకం కోలీన్ దగ్గర చాలామంది తడబడతారు. సంచి మీద రాసినది కోలీన్ క్లోరైడ్ శాతం. అందులో కోలీన్ పాలు నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ, 74.6 శాతం. 60 శాతం పొడిలో నిజమైన కోలీన్ 44.8 శాతం. కిలోకు 500 మిల్లీగ్రాముల చొప్పున వంద కిలోలకు 50 గ్రాముల కోలీన్ కావాలంటే దాదాపు 112 గ్రాముల పొడి తూచాలి. సోయా చెక్క ఎక్కువగా ఉన్న మేతలో దానికదే కొంత కోలీన్ ఉంటుంది కనుక, అక్కడ తగ్గించుకోవచ్చు. కోలీన్ క్లోరైడ్ గాలిలోని తేమను లాగి పక్కనున్న విటమిన్లను పాడుచేస్తుంది; దాన్ని ప్రీమిక్సు (ముందే కలిపి ఉంచిన విటమిన్ల పొడి) డబ్బాలో కలిపి నిల్వ చేయకుండా, మేత కలిపే రోజు వేరుగా వేయాలి.

ఈ గ్రాములు వంద కిలోల్లో సమంగా చేరాలంటే ఒకేసారి గుమ్మరించకూడదు. తూచిన పొడులను ముందు అరకిలో మెత్తటి తవుడులో, దాన్ని రెండు కిలోల్లో, ఆపైన పది కిలోల్లో, ప్రతిసారీ రంగు ఒక్కటయ్యేదాకా కలుపుతూ పోవాలి. నూనె, నీరు చివరలో పొయ్యాలి. పిల్లచేపలకు వేసే నలిచిన మేతకు ఉపరితలం ఎక్కువ కాబట్టి నీటిలో బి, సి విటమిన్లు నిమిషాల్లో కారిపోతాయి. దాని మీద కొద్దిగా నూనె పట్టించి, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు వేయడం మంచిది. ఎ, డి విటమిన్లను మాత్రం ‘ఇంకొంచెం’ అని పెంచవద్దు, అవి కాలేయంలో పేరుకుపోతాయి.

అభ్యాసం: మీ వద్ద 60 కిలోల మేత ఉంది. అందులో 6 కిలోలు మీరే ఆరబెట్టిన, నూనె తీయని ప్యూపా. కిలోకు 150 మిల్లీగ్రాముల చొప్పున సి విటమిన్ కావాలి. 35 శాతం పొడి ఎన్ని గ్రాములు తూచాలి? (25.7 గ్రాములు వస్తే లెక్క సరైనది.) ఇదే మేతకు ఇ విటమిన్ అంకెను మార్చాలా, ఎందుకు, అన్నది రెండు వాక్యాల్లో నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో భాస్వరం, కాల్షియం.