స్పాన్ వదిలే ముందు: నర్సరీ చెరువు నీటిలోని బ్యాక్టీరియా విషయంలో జాగ్రత్తలు

మృగశిర కార్తెతో కృష్ణా డెల్టాలో చేప విత్తనం పని ఊపందుకుంటుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీరు వదలడం, హేచరీలలో బొచ్చె, శీలావతి, మృగాల తల్లి చేపలకు గుడ్లు పెట్టించే ఇంజెక్షన్లు ఇవ్వడం, స్పాన్ అనే, పొదిగి రెండు మూడు రోజులైన చేప పిల్లలను పెంచే నర్సరీ చెరువులను ఆరబెట్టి సున్నం చల్లడం కొద్ది రోజుల తేడాతో జరిగిపోతాయి. ఈ తొందరలో రైతులు కలుపు చేపల గురించీ నీటి పురుగుల గురించీ జాగ్రత్త పడతారు గాని, స్పాన్ దిగే నాటికి ఆ నీటిలో ఎలాంటి బ్యాక్టీరియా స్థిరపడి ఉందన్న ప్రశ్న వేసుకునేవారు తక్కువ. స్పాన్ చనిపోతే పెద్ద చేపలా పైకి తేలదు. ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల ఆ పిల్ల అడుగుకు చేరి, ఆనవాలు లేకుండా నీటిలో కలిసిపోతుంది. పదిహేను, ఇరవై రోజుల తర్వాత వల లాగితే గాని ఎంత పోయిందో తెలియదు. వదిలిన స్పాన్‌లో 30 నుంచి 50 శాతం ఫ్రై (నర్సరీ నుంచి తీసే చిరుపిల్ల) సైజుకు వస్తే చాలనుకునే అలవాటు మనకు పడింది. ఆ నష్టంలో కొంతైనా మనం తగ్గించగలిగినదేనని నా నమ్మకం.

బొచ్చె, శీలావతి, మృగాల వంటి మన కార్ప్ చేపల గుడ్లు 27 నుంచి 29 డిగ్రీల వేడిలో 14 నుంచి 18 గంటలలో పొదుగుతాయి. పొదిగిన పిల్ల మూడు రోజుల పాటు తన పచ్చసొన సంచిలోని ఆహారంతోనే బతుకుతుంది. గుడ్డు లోపల ఉన్నంతసేపు దానికి బ్యాక్టీరియాతో పరిచయం దాదాపు ఉండదు. పెంకు చీల్చుకుని బయటికి వచ్చాక నీరు దాని చర్మాన్ని, మొప్పలను తాకుతుంది. నోరు తెరుచుకున్నాక అదే నీరు, తొలి మేతతో పాటు, పేగులోకి చేరుతుంది. కార్ప్ జాతి చేపలకు జీర్ణాశయం ఉండదు. లోపలికి వచ్చిన సూక్ష్మజీవులను చంపగల ఆమ్లపు అడ్డుగోడ వాటికి లేదు కాబట్టి, నీటిలో ఉన్నది పేగుకు చేరడం తేలిక. పైగా ఒక రోగాన్ని గుర్తుపెట్టుకుని ఎదుర్కొనే రోగనిరోధక శక్తి ఆ వయసు పిల్లలో ఇంకా తయారై ఉండదు.

అలాగని బ్యాక్టీరియా అసలే లేకపోతే పిల్ల బాగుంటుందా అంటే, అదీ కాదు. మన దేశపు వాగులలో, వరి పొలాలలో కనిపించే చిన్న చారల చేప, కార్ప్‌లకు దగ్గరి బంధువైన జీబ్రా ఫిష్‌పై ఈ ప్రశ్నకు చాలా పని జరిగింది. బ్యాక్టీరియా ఏమాత్రం లేని నీటిలో పెంచిన పిల్లలను మామూలు పిల్లలతో పోల్చిన 2004 నాటి అమెరికా పరిశోధనలో, పేగులోని 212 జన్యువుల పనితీరు బ్యాక్టీరియా ఉనికిని బట్టి మారుతున్నట్లు తేలింది. వాటిలో పేగు పొర కణాల పెరుగుదలకు, పోషకాల వినియోగానికి, తొలి రోగనిరోధక స్పందనకు సంబంధించినవి ఉన్నాయి. 2016లో ఆరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మరో సంగతి చూపారు: బ్యాక్టీరియా లేకుండా పెరిగిన పిల్లలలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు తక్కువగా ఉంటాయి, ఒక రకం ఏరోమోనాస్ బ్యాక్టీరియా విడుదల చేసే ప్రోటీన్‌ను అందిస్తే ఆ లోటు పూడుతుంది. ఏరోమోనాస్ అన్న పేరు వినగానే మన రైతులకు గుర్తొచ్చేది పుండ్లు, పొట్ట ఉబ్బు. అదే కుటుంబంలోని మరొక రకం పిల్ల ఎదుగుదలకు తోడ్పడుతోందంటే, పేరు చూసి దేన్నీ శత్రువు అనుకోలేము.

అందువల్ల చూడవలసింది నీరు శుభ్రంగా ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, మందులతో సూక్ష్మజీవులు పోయి ఖాళీ అయిన నీటిలోకి ముందుగా ఏ బ్యాక్టీరియా చేరుతుందన్నది. కొన్ని రకాలు మేత దొరికితే గంట తిరగకుండానే రెట్టింపవుతాయి. పిల్లకు హాని చేయగలవి ఎక్కువగా ఇలా త్వరత్వరగా పెరిగే రకాలలోనే ఉంటాయి. మరికొన్ని నెమ్మదిగా పెరిగినా, కొద్దిపాటి పోషకాలను పంచుకుంటూ స్థిరంగా నిలబడి కొత్తవాటికి చోటివ్వవు. నీటిని విషంతో తుడిచి, వెంటనే అందులో పిల్లను వదిలి మేత కుమ్మరిస్తే, ఆ ఖాళీ మొదటి గుంపుకే దక్కుతుంది. నార్వేలో 1990లలో సముద్ర చేపల హేచరీలు ఈ సంగతి గ్రహించి, శుద్ధి చేసిన నీటిని పిల్లలకు పెట్టే ముందు కొంతకాలం నిలిపి స్థిరపరిచే పద్ధతి మొదలుపెట్టాయి. చలి దేశపు సముద్ర చేపలకూ మన చెరువులకూ తేడా ఎంతైనా ఉన్నా, ఈ సూత్రం మన మట్టి చెరువులకూ వర్తిస్తుందనే నా అభిప్రాయం.

చెరువు తయారీలో మొదటి జాగ్రత్త గడువును కుదించకపోవడం. ఎండబెట్టిన అడుగున ఎకరానికి సుమారు 80 నుంచి 120 కిలోల సున్నం వేసుకోవాలి. నీరు పూర్తిగా తీయలేని చెరువులో కలుపు చేపలను చంపడానికి మీటరు లోతుకు ఎకరానికి సుమారు 140 కిలోల బ్లీచింగ్ పౌడరు వాడతారు. సున్నం, బ్లీచింగ్ ఒకే రోజు వేయకూడదు, క్షారం పెరిగితే క్లోరిన్ బలం తగ్గుతుంది. బ్లీచింగ్ ప్రభావం తగ్గడానికి ఏడెనిమిది రోజులు పడుతుంది. ఆ తర్వాత ఎకరానికి 300 కిలోల వేరుశనగ చెక్క, 80 కిలోల పశువుల పేడ, 20 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలిపి నానబెట్టి, అందులో సగాన్ని స్పాన్ వదలడానికి రెండు మూడు రోజుల ముందు, మిగతా సగాన్ని తర్వాత రెండు మూడు విడతలుగా చల్లాలి. హేచరీ నుంచి స్పాన్ సిద్ధమని కబురు రాగానే ఈ లెక్కంతా పక్కన పెట్టి, బ్లీచింగ్ వేసిన నాలుగో రోజునే థయోసల్ఫేట్ చల్లి పిల్లను దింపడం మన దగ్గర జరిగేదే. థయోసల్ఫేట్ క్లోరిన్‌ను విరుస్తుంది, అంతే. నీటిలో మంచి బ్యాక్టీరియా, వాటిని తిని అదుపులో ఉంచే సూక్ష్మ జంతువులు, పిల్లకు తొలి మేత కావలసిన జంతు ప్లవకాలు (నీటిలో తేలే అతి చిన్న జీవులు) తిరిగి కుదురుకోవడానికి కావలసిన రోజులను అది తెచ్చివ్వలేదు.

నీటి వనరు విషయానికి వస్తే, వేసవిలో కాలువలకు నీరు ఆపి ఉంచిన తర్వాత విజయవాడ మీదుగా సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువలలో మొదట వచ్చే కొత్త నీరు కాలువ అడుగున పేరుకున్న చెత్తను, మురుగును తోసుకుని వస్తుంది. గుంటూరు వైపు కాలువల కింద ఉన్న రైతులకూ ఇదే మాట. తొలి ప్రవాహాన్ని నర్సరీకి తీసుకోకుండా, కొన్ని రోజులు ఆగి, సన్నని వల గుడ్డ గుండా వడపోసి నింపుకోవడం మేలు. బోరు నీరు దీనికి పూర్తిగా భిన్నం. అందులో మురుగు లేదు, కాని ప్రాణవాయువు తక్కువ, జీవం కూడా తక్కువ. బోరు నీటితో నింపిన చెరువునూ బ్లీచింగ్ చేసిన చెరువులాగే ఖాళీ చెరువుగా భావించి, గాలి తగిలించి, ఎరువు వేసి, పచ్చ రంగు తిరిగే వరకు ఆగాలి.

స్పాన్ కొనేటప్పుడు పొదిగిన తర్వాత గుడ్డు పెంకులు, చనిపోయిన గుడ్లు బాగా కొట్టుకుపోయేలా నీరు పారించారా అని హేచరీ వారిని అడగండి. కుళ్లే పెంకులే బ్యాక్టీరియాకు, బూజుకు మొదటి మేత. సంచులను చెరువు నీటిలో పావుగంట తేలనిచ్చి, వేడి సమానమయ్యాక ఉదయమో సాయంత్రమో వదలాలి. సంచిలోని నీరు వీలైనంత తక్కువగా చెరువులోకి పోనివ్వాలి.

మేతలో అతి చేస్తే పైన చెప్పిన శ్రమంతా వృథా అవుతుంది. పది లక్షల స్పాన్‌కు మొదటి అయిదు రోజులు రోజుకు ఆరు కిలోలు, తర్వాత పన్నెండు కిలోల తవుడు, వేరుశనగ చెక్క సమపాళ్ల పొడిని రెండు పూటలుగా ఇస్తే సరిపోతుంది. తినకుండా మిగిలిన పొడి త్వరగా పెరిగే బ్యాక్టీరియాకే ఆహారమవుతుంది. మబ్బు పట్టిన రోజున మేత తగ్గించండి.

రోగం రాకముందే ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ కలపడం ఈ కాలంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టే అలవాటు. పిల్ల పేగులో నివాసం ఏర్పరచుకుంటున్న బ్యాక్టీరియా ఆ మందుతో పోతే, మందుకు లొంగని రకాలకే చోటు మిగులుతుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపల సాగులో నిషేధించబడినవి. వాటిని ఏ పేరుతో అమ్మినా తీసుకోవద్దు. ప్రోబయాటిక్‌లు (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న ఉత్పత్తులు) వాడదలచుకుంటే గడువు తేదీ, ఏ బ్యాక్టీరియా ఎంత ఉందన్న వివరం డబ్బా మీద చూసుకోండి. బ్లీచింగ్, అయోడిన్ వంటి క్రిమిసంహారకాలు వేసిన రోజులలో వాటిని వేస్తే ఫలితం ఉండదు. ప్రోబయాటిక్ బ్యాక్టీరియా పెరగడానికి కూడా ప్రాణవాయువు ఖర్చవుతుంది కనుక ఎండ ఉన్న ఉదయం పూట, వీలైతే ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) నడుస్తుండగా వేయాలి.

వలలు, హాపాలు (చెరువులో కట్టే సన్నని వల సంచులు), బకెట్లు ఒక చెరువు నుంచి మరో చెరువుకు తడిగా తీసుకెళ్లకుండా ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి. ఇవన్నీ సరిగానే చేశామనుకున్నా, మొత్తం స్పాన్ దింపడానికి ఒక రోజు ముందు చెరువులో చిన్న హాపా కట్టి అందులో రెండు వందల పిల్లలను లెక్కపెట్టి వదిలి, ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ లెక్కించండి. ఎక్కువ భాగం చురుకుగా ఈదుతూ కనిపించకపోతే స్పాన్ బేరం వాయిదా వేసుకుని, నీటికి మరో మూడు నాలుగు రోజులు ఇచ్చి, హాపా పరీక్ష మళ్లీ చేయండి.