ఫోన్‌తో సినిమా: 5వ పాఠం – చూసేవాళ్ల ముఖం

పోయిన పాఠంలో ఒక చిన్న కథ రాయమన్నాను. కూరగాయల బండి దగ్గర ఒకతనికి చిల్లర ఎక్కువ వస్తుంది, తెలిసీ జేబులో వేసుకుంటాడు, కాసేపటికి తిరిగొచ్చి ఇచ్చేస్తాడు. మీ కథ చివర నిజాయితీ గురించి డైలాగ్ ఉంటే కొట్టేయండి. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో నేనూ పెట్టాను. మా నాన్న చూసి, “డబ్బు ఇచ్చేశాడు కదా, మళ్లీ నోటితో చెప్పడం ఎందుకు?” అన్నారు.

డైలాగ్ తీసేస్తే ఆ మాట ఎవరు చెప్పాలి? ‘బైసికిల్ థీవ్స్’ చివరి భాగం చూడండి. 1948లో విట్టోరియో డి సికా తీశాడు. యుద్ధం తర్వాతి రోమ్ నగరం. ఆంటోనియోకి పోస్టర్లు అంటించే పని దొరికింది, కానీ సైకిల్ ఉండాలి. భార్య దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిల్ విడిపిస్తుంది. పనిలో చేరిన రోజే అది పోతుంది. కొడుకు బ్రూనోతో ఊరంతా వెతికి, దొరక్క, చివరికి తనే ఒక సైకిల్ దొంగిలించబోతాడు. ముందుగా కొడుకుని ట్రామ్ ఎక్కి వెళ్లమంటాడు. పిల్లవాడికి ట్రామ్ అందదు.

జనం తండ్రిని తరిమి పట్టుకుంటారు. బ్రూనో అంతా చూస్తాడు. జనం తిట్టిన తిట్లు నాకు గుర్తులేవు. కింద పడ్డ నాన్న టోపీ తీసి దులుపుతున్న ఆ పిల్లవాడు మాత్రం మరపురాడు. వాణ్ణి చూసే సైకిల్ యజమాని తండ్రిని వదిలేయమంటాడు. జరిగేదాన్ని చూస్తున్నవాళ్ల ముఖం చూపించే ఇలాంటి షాట్‌నే రియాక్షన్ షాట్ అంటాం. తప్పు ఒక షాట్‌లో ఉంటుంది, దాని బరువు పక్క షాట్‌లో తెలుస్తుంది.

నటులు లేరని ఆగకండి. ఆంటోనియోగా చేసిన లాంబెర్టో మజ్జొరానీ ఫ్యాక్టరీ కార్మికుడు. 1950లో లండన్‌లో ఈ సినిమా చూశాకే, కొత్తవాళ్లతో తీయొచ్చన్న నమ్మకం సత్యజిత్ రాయ్‌కి గట్టిపడింది.

ఇక మన అభ్యాసం. మూడే షాట్లు. మొదటిది, చిల్లర జేబులోకి వెళ్లడం. రెండోది, పక్కనున్న అతని కూతురు చూడటం. మూడోది, ఆ చూపు అతని కంటపడటం. పాపని “బాధగా చూడు” అనకండి, నటన మొదలవుతుంది. “నాన్న చేతిలో ఎన్ని నోట్లున్నాయో లెక్కపెట్టు” అనండి చాలు. షాట్‌ని ఐదు సెకన్లు కదపకుండా ఉంచండి.

మొదటి షాట్‌కి ఫోన్‌ని పాప కళ్ల ఎత్తుకి దించాలి, అంటే మీరు మోకాళ్ల మీద కూర్చోవాలి. అక్కడినుంచి పెద్దవాళ్ల చేతులు, జేబులే ఎదురుగా కనిపిస్తాయి. పిల్లలు మనల్ని ఇంత దగ్గరగా గమనిస్తారని నాకు అలా కూర్చున్నప్పుడే తెలిసింది. మా అమ్మాయి వయసు తగ్గించి చెప్పి బస్సులో హాఫ్ టికెట్ తీసుకోవడం ఆ వారమే మానేశాను.

ఎడిటింగ్ రెండుసార్లు చేయండి. ఒకసారి పాప షాట్ లేకుండా, ఒకసారి దానితో. కథ తెలియని ఇద్దరికి చెరొకటి చూపించి, అతను డబ్బు ఎందుకు తిరిగిచ్చాడో అడగండి. వాళ్ల జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఆరో పాఠంలో ఇదే సీన్‌కి శబ్దం కలుపుతాం. షూటింగ్ అయ్యాక వెంటనే వచ్చేయకుండా, బజారు చప్పుడు ఒక నిమిషం విడిగా రికార్డ్ చేసి ఉంచండి.